ఉన్న సంస్థలోనే పై ఉద్యోగానికి అర్జీ: కవరింగ్ లెటర్ ఎలా రాయాలి?



పాతపాళ్యలోనో, చుట్టుపక్కల పల్లెల్లోనో పుట్టి, బాగేపల్లిలోనో చింతామణిలోనో పి.యు.సి., డిగ్రీ, డిప్లొమా చదివి, బస్సెక్కి బెంగళూరు చేరి ఒక ఉద్యోగంలో కుదురుకున్న పిల్లలు ఇప్పుడు మన హోబళిలో చాలామంది ఉన్నారు. ఉద్యోగం దొరికేదాకా ఇంటిల్లిపాదీ పట్టించుకుంటాం. దొరికిన తరువాత, ‘ఒక దారిన పడ్డాడు, ఇక వాడి పాట్లు వాడు పడతాడు’ అని వదిలేస్తాం. కానీ అసలు అవకాశం చాలాసార్లు ఆ తరువాతే వస్తుంది. చేరిన రెండో ఏటో మూడో ఏటో అదే కంపెనీలో, అదే ఆసుపత్రిలో, అదే కాలేజీలో ఇంకాస్త మంచి ఉద్యోగం ఖాళీ అవుతుంది. నోటీసు బోర్డులో కాగితం అంటిస్తారు, లేదా అందరికీ ఈ-మెయిల్ పంపుతారు. బెంగళూరు కంపెనీల్లో దీన్ని ఐ.జె.పి. అంటారు, అంటే ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్. బయట పత్రికలో ప్రకటన ఇచ్చే ముందు, లోపల ఉన్నవారిలో అర్హులు ఉంటే అర్జీ పెట్టుకోండి అని పిలవడమన్నమాట.

ఆ కాగితం చూసి మన పిల్లలు ఏం చేస్తున్నారు? కొందరు అర్జీయే పెట్టరు. ‘నా పని సార్‌కు తెలుసు కదా, అర్హత ఉంటే ఆయనే పిలుస్తారు’ అనుకుంటారు. మరికొందరు సైబర్ సెంటరుకు వెళ్ళి, అక్కడ ముందే టైపు చేసి పెట్టిన లెటర్‌లో పేరు మార్చి ఇచ్చి వస్తారు. ఇద్దరికీ ఒకటే ఫలితం. అడగందే అమ్మైనా పెట్టదన్న మాట ఉండనే ఉంది. పైగా పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, లోపలి మనిషి నోరు విప్పకపోతే మేనేజర్ల చూపు బయటివాళ్ళ మీదకే పోతుంది. అలా వచ్చిన కొత్త మనిషికి పని నేర్పించే బాధ్యత మళ్ళీ మనవాడి మీదే పడుతుంది. రెండు వేల రూపాయలు ఎక్కువ సంబళం తీసుకునే మనిషికి, తక్కువ తీసుకునే మనిషి పని నేర్పడం ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు.

అందుకే ఈసారి ఆ అర్జీతో జతచేసే కవరింగ్ లెటర్ గురించి కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక చిక్కు చెప్పాలి. మన పిల్లలు జీవితంలో రాసిన మొదటి అర్జీ ఏది? స్కాలర్‌షిప్పు అర్జీ. అందులో కుటుంబ ఆదాయం, నాన్నగారికి ఎంత పొలం ఉంది, బోరు ఎండిపోయిందా, ఇంట్లో ఎంతమంది చదువుకునేవారు ఉన్నారు అన్నవి రాయాలి. అవి రాయమని అడిగేది మనమే, అవి చూసే సాయం అందుతుంది. ఆ అలవాటు ఉద్యోగంలోకి కూడా వెంట వస్తుంది. ‘మాది బీద కుటుంబం, చెల్లెలి పెళ్ళి ఉంది, దయతో ఈ ఉద్యోగం ఇప్పిస్తే జన్మంతా రుణపడి ఉంటాను’ అని రాసేస్తారు. స్కాలర్‌షిప్పు అర్జీలో చెప్పుకోవలసింది అవసరం. ఉద్యోగపు అర్జీలో చెప్పుకోవలసింది పని. చదివే మేనేజరు చెడ్డవాడు కాకపోవచ్చు, మన కష్టం విని జాలి కూడా పడవచ్చు. కానీ ఆయన ముందున్న ప్రశ్న వేరు: ఈ కుర్చీలో ఈ మనిషిని కూర్చోబెడితే పని జరుగుతుందా? ఆ ప్రశ్నకు జవాబు లేని లెటర్ ఎంత వినయంగా ఉన్నా పక్కకు పోతుంది.

అర్జీ ఎలా ఉండాలో చెప్పడానికి శ్రీనివాస రామానుజన్ గారి ఉదాహరణ బాగుంటుంది. ఆయన 1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నారు. చాలా చిన్న లెటర్. ఖాళీ ఉందని తెలిసి అర్జీ పెడుతున్నానన్నారు. మెట్రిక్ ప్యాసై ఎఫ్.ఏ. వరకు చదివానని, కొన్ని అవాంతరాల వల్ల చదువు ముందుకు సాగలేదని దాచకుండా ఒక్క వాక్యంలో చెప్పారు. అప్పటి నుంచి గణితానికే కాలం వెచ్చిస్తున్నానని, ఈ పనికి న్యాయం చేయగలనని రాశారు. ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ప్రొఫెసరు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫార్సు పత్రం జతచేశారు. అంతే. మార్చి 1 నుంచి నెలకు 30 రూపాయల జీతం మీద ఉద్యోగం వచ్చింది. తరువాతి కథ మనకు ఇంకా ముఖ్యం. ఆయన ప్రతిభను దగ్గర నుంచి చూసిన ఆ ఆఫీసు పెద్దలే, నారాయణ అయ్యర్, సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, ఆయనను ముందుకు తీసుకువెళ్ళడానికి ప్రయత్నించారు. 1913 మే నెల నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్పు ఇచ్చింది. మేధస్సు సంగతి పక్కన పెట్టండి, అది అందరికీ ఉండదు. చదువులో వచ్చిన లోటును ఒక్క వాక్యంలో ఒప్పుకొని పని దగ్గరికి వెళ్ళిపోవడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఒక సబ్జెక్టు ఉండిపోయినా, ఏడాది గ్యాప్ వచ్చినా మన పిల్లలు దాని గురించి అర పేజీ సంజాయిషీ రాస్తారు. అవసరం లేదు.

లెటర్ రాయకముందే చూసుకోవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, మీరు నిజంగా ‘లోపలి’ మనిషేనా? జీతం చీటీ మీద, పి.ఎఫ్. ఖాతాలో ఎవరి పేరు ఉందో చూడండి. చాలామంది ఒక పెద్ద కంపెనీ గేటు లోపల పనిచేస్తున్నా, జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. అలాంటప్పుడు లోపలి ప్రకటన మీకు వర్తించకపోవచ్చు. అప్రెంటిస్‌గా ఉన్నవారి పరిస్థితీ అంతే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాదు. అలాగని వదులుకోవద్దు. హెచ్.ఆర్. విభాగంలో అడిగి, అవకాశం ఉందంటే పెట్టుకోండి. అడిగితే తప్పేమీ లేదు. ఇక పర్మనెంటు వారికి కూడా ఇప్పుడున్న ఉద్యోగంలో కనీసం ఏడాదో ఏడాదిన్నరో పూర్తయి ఉండాలన్న నియమం చాలా కంపెనీల్లో ఉంటుంది. ప్రకటనలో అడుగున చిన్న అక్షరాలతో ఉండేది అదే.

రెండోది, పైవారికి ముందే చెప్పడం. ఇది మన పిల్లలకు అన్నిటికంటే కష్టంగా కనిపిస్తుంది. ‘సూపర్‌వైజరుకు తెలిస్తే కోపం వస్తుంది, ఉన్న ఉద్యోగానికే ఎసరు వస్తుంది’ అని భయం. కానీ లోపలి అర్జీ దాగదు. కొత్త విభాగం మేనేజరు మొదట ఫోన్ చేసేది మీ పాత సూపర్‌వైజరుకే. ఆయనకు ఆ ఫోన్ ద్వారా తెలిస్తే కోపం రావడం ఖాయం. మీరే ముందు వెళ్ళి, ‘సార్, ఫలానా ఉద్యోగానికి అర్జీ పెడదామనుకుంటున్నాను, మీరేమంటారు?’ అంటే సగం మంది మెత్తబడతారు. కొందరు మంచి సలహా కూడా ఇస్తారు. అడ్డుపడే మనిషి అయితే ప్రకటనలో సూపర్‌వైజరు సంతకం తప్పనిసరా, కాదా అన్నది హెచ్.ఆర్. వారిని అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో దీనికే గట్టి పద్ధతి ఉంది. ఒక శాఖలో ఉంటూ మరో శాఖకో మరో పోస్టుకో అర్జీ పెట్టేవారు తమ ఆఫీసు పెద్ద ద్వారానే పంపాలి, నిరభ్యంతర పత్రం జతచేయాలి. ‘త్రూ ప్రాపర్ ఛానల్’ అని అర్జీ పైన రాసేది ఇందుకే. కాగితం టేబుల్ మీదే ఆగిపోయి గడువు దాటే ప్రమాదం ఉంటుంది కాబట్టి, నోటిఫికేషనులో ఒప్పుకుంటే ముందస్తు ప్రతి ఒకటి నేరుగా పంపుతారు. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవకులుగా ఉన్నవారు పోస్ట్‌మన్, ఎం.టి.ఎస్. పోస్టులకు వెళ్ళేది ముఖ్యంగా శాఖాపరమైన పరీక్షల ద్వారా. అక్కడ లెటర్‌లో నైపుణ్యం చూపించి లాభం లేదు. ఫారం తప్పుల్లేకుండా నింపి, పరీక్షకు చదువుకోవడమే పని. కాబట్టి ఇక మీద చెప్పేదంతా ప్రైవేటు సంస్థల గురించే.

‘నేను తెలిసిన మనిషినే కదా, మళ్ళీ లెటర్ ఎందుకు?’ అని అడుగుతారు. మీరు తెలుసు, మీ పని తెలియదు. మీ ముఖం తెలిసిన మేనేజరుకు మీరు పొద్దున 9 గంటలకు వస్తారని, టీ తాగుతారని, గొడవ పడరని తెలుసు. మీరు వచ్చాక రిజిస్టరులో తప్పులు తగ్గాయని ఆయనకు ఎవరు చెప్పారు? బయోడేటాలో అది కనిపించదు. బయోడేటాలో ‘స్టోర్స్ అసిస్టెంట్, 2 సంవత్సరాలు’ అని మాత్రమే ఉంటుంది. ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో చెప్పేది లెటరే. బయటివారికి లేని సౌకర్యం ఒకటి మీకుంది. సంస్థలో వాడే మాటలు, రిజిస్టర్లు, ఇబ్బందులు అన్నీ మీకు తెలుసు. బయటి మనిషి ‘నేను త్వరగా నేర్చుకుంటాను’ అని మాత్రమే రాయగలడు. మీరు ‘నేను ఇప్పటికే చేస్తున్నాను’ అని రాయగలరు.

సైబర్ సెంటరు లెటర్ ఎలా ఉంటుందంటే: ‘మీ పేరుప్రతిష్ఠలు గల సంస్థలో ఉద్యోగం ఖాళీ ఉందని విశ్వసనీయంగా తెలిసినది. నేను కష్టపడి, నిజాయితీగా పనిచేసేవాడిని. అవకాశం ఇస్తే పై అధికారులు పూర్తిగా సంతృప్తి చెందేలా పనిచేయగలను.’ రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నవాడు ‘మీ సంస్థ’ అని రాయడమే వింత. ఇందులో ఒక్క మాట కూడా ఆ మనిషికి ప్రత్యేకమైనది లేదు. నూరుమంది సంతకం చేసినా సరిపోతుంది.

ఇప్పుడు ఒక నమూనా చూడండి. ఇది ఎవరిదీ కాదు, వివరించడం కోసం మేము ఊహించి రాసినది. విడిభాగాల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే ఒక అమ్మాయి, అక్కడే పర్చేజ్ విభాగంలో అసిస్టెంట్ ఉద్యోగానికి రాస్తోందనుకుందాం.

‘హెచ్.ఆర్. మేనేజర్ గారికి,

విషయం: పర్చేజ్ అసిస్టెంట్ ఉద్యోగానికి అర్జీ.

అయ్యా,

ఈ నెల 4వ తేదీ నోటీసులో ప్రకటించిన పర్చేజ్ అసిస్టెంట్ ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంటున్నాను. 2 సంవత్సరాల 4 నెలలుగా మన స్టోర్స్‌లో అసిస్టెంటుగా ఉన్నాను. వచ్చిన సరుకును పర్చేజ్ ఆర్డరుతో సరిచూసి జి.ఆర్.ఎన్. వేయడం, బిన్ కార్డులు రాయడం నా పని.

సరుకు తక్కువ వచ్చినప్పుడు ఆ సంగతి పర్చేజ్ విభాగానికి చేరడానికి ఇంతకుముందు మూడు నాలుగు రోజులు పట్టేది. కిందటి జూన్ నుంచి తక్కువ వచ్చిన సరుకు జాబితాను రోజూ సాయంత్రం 5 గంటలకు పంపుతున్నాను. ఇప్పుడు అదే రోజు సప్లయరుకు ఫోన్ వెళుతోంది.

సప్లయర్లతో ధర మాట్లాడిన అనుభవం నాకు లేదు. అయితే సుమారు 60 మంది సప్లయర్ల సరుకు నా చేతుల మీదుగా వస్తుంది. ఎవరు టైముకు పంపుతారో, ఎవరి సరుకు ఎక్కువగా వెనక్కి వెళుతుందో నాకు తెలుసు. ఇది కొత్త పనిలో ఉపయోగపడుతుందని నా నమ్మకం. బి.కాం. చదివాను, టాలీలో రోజూ పనిచేస్తున్నాను.

ఈ అర్జీ విషయం మా స్టోర్స్ ఇన్‌చార్జి గారికి తెలియజేశాను. ఎంపికైతే నా స్థానంలో వచ్చేవారికి రెండు వారాలు పని చూపించి అప్పగిస్తాను.

ఇట్లు, భవదీయురాలు.’

ఇందులో ‘కష్టపడతాను’ అన్న మాట ఎక్కడా లేదు. జూన్ నుంచి రోజూ 5 గంటలకు పంపే జాబితాయే ఆ మాట చెబుతోంది. రెండో పేరా ఈ లెటర్‌కు ప్రాణం. అది రాయడానికి అమ్మాయి ఇంగ్లీషులో పండితురాలు కానక్కరలేదు, తన పని ఏమిటో తను గమనించి ఉండాలి. ఇలాంటి సంగతి ప్రతి ఉద్యోగంలోనూ ఒకటి రెండు ఉంటాయి. గార్మెంట్స్‌లో క్వాలిటీ చెకర్‌గా ఉన్నవారు, ఏ లైనులో ఏ రకం తప్పు ఎక్కువ వస్తోందో గుర్తించి చెప్పి ఉంటారు. ఆసుపత్రి బిల్లింగులో ఉన్నవారు, డిశ్చార్జి ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూసి ఉంటారు. అది తమకు మామూలు విషయం కాబట్టి రాయడానికి తోచదు. గుర్తు రాకపోతే పక్కన పనిచేసేవారిని, ‘నేను సెలవు పెట్టిన రోజు ఏది ఆగిపోతుంది?’ అని అడిగి చూడండి. వారు ఠక్కున చెబుతారు.

మూడో పేరాలో లేని అనుభవాన్ని లేదని రాసింది. లోపలి అర్జీలో అబద్ధం ఒక్క పూట కూడా నిలవదు. పక్క గదిలో అడిగితే తెలిసిపోతుంది. కాబట్టి లేనిది లేదని చెప్పి, దానికి దగ్గరగా ఉన్నది చూపించడమే మేలు. అంకెల విషయంలోనూ అంతే. రిజిస్టరులో చూసి రాయండి. కచ్చితంగా తెలియకపోతే ‘సుమారు’ అనండి. నలుగురు కలిసి చేసిన పనిని ‘నేను చేశాను’ అంటే, ఆ మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారని మరచిపోకూడదు.

చివరి పేరాలోని అప్పగింత మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పాత సూపర్‌వైజరు బెంగ అదే. మనిషి వెళ్ళిపోతే తన పని ఏమవుతుందని ఆయన ఆలోచిస్తాడు. ఆ బెంగ తీర్చినవారికి ఆయన అడ్డుచెప్పడం తక్కువ.

రాయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ఇప్పుడున్న విభాగం మీద ఫిర్యాదులు వద్దు, అవి నిజమే అయినా సరే. ‘ఇక్కడ ఎదుగుదల లేదు’ అని రాస్తే, రేపు అక్కడ కూర్చుని కూడా ఇలాగే అంటారని అనుకుంటారు. సంబళం సంగతి ఎంపిక తరువాత మాట్లాడుకోవచ్చు. మొత్తం లెటర్ ఒక పేజీ దాటకూడదు. ఈ-మెయిల్‌లో పంపేవారు విషయం అన్న చోట ఉద్యోగం పేరు, తమ ఉద్యోగి నంబరు రాయండి, గడువు రోజు రాత్రి దాకా ఆగకండి.

భాష గురించి మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చినా, ఒక్కదానిలోనూ ధైర్యంగా రాయలేమని మన పిల్లలు అనుకుంటారు. 1963 చట్టం ప్రకారం కర్ణాటక అధికార భాష కన్నడ కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో కన్నడలోనే రాయాలి. బెంగళూరు కంపెనీల్లో సాధారణంగా ఇంగ్లీషు. కానీ ఆలోచన ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే మొదటి ప్రతి రాసుకోండి. పైన ఇచ్చిన నమూనా లాగా తెలుగులో రాసుకుని, తరువాత చిన్న చిన్న వాక్యాలుగా ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. అలా చేస్తే సైబర్ సెంటరు మాటలు దూరవు. తరువాత ఇంగ్లీషు తెలిసిన లెక్చరరుకో, సీనియరుకో చూపించి తప్పులు దిద్దించుకోండి. తప్పులు మాత్రమే దిద్దమనండి, కొత్తగా రాసి పెట్టమనకండి. వారి పెద్ద పెద్ద మాటలు ఇంటర్వ్యూలో మీ నోట రావు, అక్కడ దొరికిపోతారు. ఇంకొక మాట: మనకు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ మాట్లాడగలగడం లోటు కాదు. సప్లయర్లతో, డ్రైవర్లతో, కూలీలతో మాట్లాడే ఉద్యోగమైతే అది అర్హతే. లెటర్‌లో ఒక వాక్యంగా రాయండి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. మొదటిది సిఫార్సు గురించి. పిల్లవాడు అర్జీ పెట్టాడని తెలియగానే, ఎమ్మెల్యే దగ్గర లెటర్ తెద్దామని బయలుదేరకండి. మన జిల్లా ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారు 1912లో మైసూరు దివానుగా బాధ్యత తీసుకునే ముందు, సిఫార్సుల కోసం తన దగ్గరికి రాకూడదని బంధువులతో ముందే ఒప్పించుకున్నారని చెబుతారు. అందరూ ఆయనలా ఉండరు, నిజమే. అయినా లోపలి ఉద్యోగంలో బయటి సిఫార్సు వల్ల కలిగే నష్టం వేరు. ఉద్యోగం వచ్చినా, ‘లెటర్ తెచ్చుకున్నవాడు’ అన్న పేరు తోటివారిలో మిగిలిపోతుంది. లోపల పనిచేసే సిఫార్సు ఒక్కటే, పని చూసినవారి మాట.

రెండోది ఆడపిల్లల సంగతి. కొత్త ఉద్యోగం అంటే షిఫ్టు మారవచ్చు, ఇంకో యూనిట్‌కు, ఇంకో ఊరికి వెళ్ళవలసి రావచ్చు. ఎంపికైన తరువాత ‘మా ఇంట్లో ఒప్పుకోలేదు’ అని వెనక్కి తగ్గిన అమ్మాయిని మరోసారి ఎవరూ పిలవరు. ఆమె తరువాత వచ్చే మన ఊరి అమ్మాయిల మీద కూడా అదే అనుమానం పడుతుంది. కాబట్టి వద్దనుకునేది ఉంటే అర్జీకి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. హాస్టలు ఎక్కడ, బస్సు ఏది, రాత్రి షిఫ్టుకు కంపెనీ వాహనం ఇస్తుందా అని అడిగి తెలుసుకోండి. అడిగి తెలుసుకున్న తరువాత చాలా భయాలు తగ్గుతాయి. తగ్గనివి ఉంటే అవి నిజమైన భయాలే, వాటికి విలువ ఇవ్వాలి.

అర్జీ ఇచ్చిన తరువాత ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఇంటర్వ్యూలో అడిగేది ఆ లెటర్‌లోని విషయాలే. ఎంపిక కాకపోతే వారం రోజులు ఆగి, హెచ్.ఆర్. వారిని మర్యాదగా, ‘నాలో ఏ లోటు కనిపించింది, వచ్చేసారికి ఏం నేర్చుకోవాలి?’ అని అడగండి. బయటివారికి ఈ జవాబు దొరకదు, లోపలివారికి చాలాసార్లు దొరుకుతుంది. ఎక్సెల్ రాదన్నారా, కన్నడ టైపింగ్ రాదన్నారా, అది ఆ లెటర్ ప్రతి వెనకే తేదీ వేసి రాసి పెట్టుకోండి. తరువాతి నోటీసు పడేనాటికి ఆ కాగితం చేతిలో ఉండాలి.